బిగ్ టెన్‌కి 12 బెర్తులు, స్వీట్ సిక్స్‌టీన్‌లో మూడే టీములు: కాన్ఫరెన్స్ బలం అసలెలా లెక్కేస్తారు?

గేమ్‌కాక్_గిరి
2025 ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) మహిళల బాస్కెట్‌బాల్ బ్రాకెట్, అంటే 68 టీముల నాకౌట్ పట్టిక, మళ్లీ ముందేసుకుని చూస్తున్నా. ఒక్క సంగతి మింగుడుపడట్లేదు. బిగ్ టెన్ కాన్ఫరెన్స్ (కాలేజీ టీములు లీగ్ ఆడే కూటమి) నుంచి 12 టీముల్ని తీసుకున్నారు, ఇదో రికార్డు. తీరా స్వీట్ సిక్స్‌టీన్‌కి (చివరి 16 టీముల దశకి) చేరినవి యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, మేరీలాండ్. అంతే. మిగతా పెద్ద కాన్ఫరెన్స్‌లు చూస్తే, ఎస్‌ఈసీ నుంచి 10 వెళ్తే 6 మిగిలాయి. ఏసీసీ 8లో 4. బిగ్ 12 నుంచి 7లో 2. బిగ్ ఈస్ట్ నుంచి రెండే వెళ్తే అందులో యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) ఏకంగా కప్పు పట్టుకుపోయింది. సెలెక్షన్ కమిటీ బిగ్ టెన్‌ని నెత్తిన పెట్టుకుందా లేదా? సూటిగా చెప్పండి.

రీబౌండ్_రాణి
నెత్తిన పెట్టుకుంది. తర్వాతి ప్రశ్న.

మూడో_క్వార్టర్
రాణి గారూ, అంత సులువుగా తేల్చేస్తే ఎలా. మొదటి రౌండు చూడండి. 64 టీముల రౌండులో బిగ్ టెన్ 10 గెలిచి ఒక్కటి ఓడింది. ఆ ఒక్కటి నెబ్రాస్కా, లూయివిల్ చేతిలో. వాషింగ్టన్ అంతకుముందే ఫస్ట్ ఫోర్‌లో (68ని 64కి కుదించే తొలి మ్యాచ్‌ల్లో) కొలంబియా చేతిలో పోయింది. ఎస్‌ఈసీ అదే రౌండులో 9-1. అంటే తెచ్చిపెట్టిన టీములేవీ చేతకానివి కావు.

రెండో రౌండులో బిగ్ టెన్ వాళ్లు ఏడుగురు ఓడారు. ఎవరి చేతిలో, ఎక్కడ? ఇల్లినాయి టెక్సస్‌లో, ఇండియానా సౌత్ కరోలినాలో, ఆరెగాన్ డ్యూక్‌లో, మిషిగన్ నోటర్‌డామ్‌లో, అయోవా ఓక్లహోమాలో, మిషిగన్ స్టేట్ ఎన్‌సీ స్టేట్‌లో. ఆరూ 1, 2, 3 సీడ్ల సొంత కోర్టులే. బ్రాకెట్‌లో నాలుగు విభాగాలు, ఒక్కో దాంట్లో 1 నుంచి 16 దాకా సీడ్లు. మహిళల టోర్నీలో ఒక్కో విభాగంలోని 1-4 సీడ్లు, మొత్తం 16 టీములు, తొలి రెండు రౌండ్లూ ఇంట్లోనే ఆడతాయి, మగవాళ్ల టోర్నీలా తటస్థ వేదికలు కావు. 8వ సీడు వెళ్లి 1వ సీడు ఇంట్లో ఓడితే దాన్నిబట్టి కాన్ఫరెన్స్ మీద తీర్పు చెప్పకూడదు.

గేమ్‌కాక్_గిరి
ఏడోది ఒహాయో స్టేట్ కదా. ఇంట్లో ఆడి టెన్నెసీ చేతిలో ఓడింది. దాన్ని మెల్లగా దాటేశారే!

మూడో_క్వార్టర్
దాటెయ్యలేదు బాసూ, దాని దగ్గరికే వస్తున్నా. ఎన్ని బెర్తులకి ఎన్ని మిగిలాయి అని నిష్పత్తి కట్టడమే తప్పు కొలత. సీడు ప్రకారం ఎన్ని మిగలాలో, వాటిలో ఎన్ని మిగిలాయో చూడాలి. మొదటి నాలుగు సీడ్లు స్వీట్ సిక్స్‌టీన్‌కి రావాలనే లెక్క కాబట్టి:

బిగ్ టెన్: రావాల్సినవి 4 (యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, ఒహాయో స్టేట్, మేరీలాండ్), వచ్చినవి 3.
ఎస్‌ఈసీ: రావాల్సినవి 5 (సౌత్ కరోలినా, టెక్సస్, ఎల్‌ఎస్‌యూ, ఓక్లహోమా, కెంటకీ), వచ్చినవి 6.
ఏసీసీ: 4కి 4.
బిగ్ 12: 2కి 2. బేలర్ పోయి కాన్సాస్ స్టేట్ వచ్చింది.
బిగ్ ఈస్ట్: 1కి 1.

మొత్తం తేడా ఒకే ఒక్క టీము. ఆ ఏడాది 1, 2, 3 సీడ్లలో ఒక్కటీ ముందే పోలేదు. కదిలిందల్లా 4, 5 సీడ్ల దగ్గరే. టెన్నెసీ ఒహాయో స్టేట్‌ని, ఓల్ మిస్ బేలర్‌ని, కాన్సాస్ స్టేట్ ఓవర్‌టైమ్‌లో ఒక్క పాయింటుతో కెంటకీని పడగొట్టాయి. ఆ మూడు మ్యాచ్‌ల మీద ఇంత గోల.

రీబౌండ్_రాణి
సరే, సీడు లెక్క ఒప్పుకుంటా. కానీ ఆ సీడ్లు వేసింది కూడా అదే కమిటీ కదా! వాళ్లు పెట్టిన సీడుతోనే వాళ్ల తీర్పుని కొలిస్తే ఏం తేలుతుంది?

లెక్కల_మాస్టారు
ఇది అసలు ప్రశ్న. కమిటీని కాసేపు పక్కన పెడదాం.

కాన్ఫరెన్స్ బలం అనేది నవంబర్, డిసెంబర్‌లోనే దాదాపు ఖరారైపోతుంది. ఎందుకో చూడండి. బిగ్ టెన్‌లో 18 టీములు, ఒక్కోటి 18 కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు. మొత్తం 162. అందులో ఎవరు ఎవర్ని కొట్టినా 162 గెలుపులు, 162 ఓటములు. ఎస్‌ఈసీలో 16 టీములు, 16 మ్యాచ్‌లు, మొత్తం 128. అక్కడా అంతే, సగానికి సగం. జనవరి నుంచి జరిగేదంతా ఇంట్లో పంపకం. బయటివాళ్లతో పోలిస్తే ఆ ఇల్లు ఎంత గొప్పదో చెప్పేది బయట ఆడిన మ్యాచ్‌లు మాత్రమే.

అందులోనూ సగానికి పైగా ఎందుకూ పనికిరావు. చిన్న కాన్ఫరెన్స్ టీమును నవంబర్‌లో ఇంటికి పిలిచి 50 పాయింట్లతో గెలిస్తే మనకి కొత్తగా తెలిసేది దాదాపు సున్నా. పనికొచ్చేవి పెద్ద కాన్ఫరెన్స్‌లు ఒకదానితో ఒకటి ఆడేవి: డిసెంబర్ మొదట్లో జరిగే ఏసీసీ-ఎస్‌ఈసీ చాలెంజ్, థాంక్స్‌గివింగ్ వారం టోర్నీలు, విడిగా కుదుర్చుకున్న పెద్ద మ్యాచ్‌లు. ఆ కొన్ని డజన్ల ఫలితాల మీద మార్చిలో బెర్తులన్నీ నిలబడతాయి.

డల్లాస్_డంకు
ఇంకో విషయం. టీములకి ర్యాంకులివ్వడానికి వాడిన పాత ఆర్‌పీఐ గుర్తుందా? 25 శాతం మన గెలుపు శాతం, 50 శాతం ప్రత్యర్థుల గెలుపు శాతం, 25 శాతం ప్రత్యర్థుల ప్రత్యర్థులది. అప్పుడు మాస్టారు చెప్పిన జబ్బు ఇంకా ఎక్కువ. డిసెంబర్‌లో బలహీనుల్ని కొట్టి అందరూ 11-1తో జనవరిలోకి వస్తే, ఒకరితో ఒకరు ఆడినప్పుడు అందరి ఆర్‌పీఐ పైకే. 300వ ర్యాంకు వాళ్లని పిలవకుండా 150-200 మధ్య వాళ్లని పిలిస్తే ఇంకా లాభం. గెలుపు ఎలాగూ ఖాయం, ప్రత్యర్థి గెలుపు శాతం బాగుంటుంది. కొందరు కోచ్‌లు ఇందులో పీహెచ్‌డీ చేశారు.

ఐవీ_లత
మహిళలకి 2020-21 నుంచి ఆర్‌పీఐ పోయి నెట్ అనే ర్యాంకింగ్ వచ్చింది. దానికి రెండు భాగాలు. ఒకటి ఎవర్ని ఎక్కడ కొట్టావనేది చూసే టీమ్ వాల్యూ ఇండెక్స్. రెండోది ప్రత్యర్థి బలానికి, వేదికకి సర్దిన నెట్ ఎఫిషియెన్సీ, అంటే 100 పొసెషన్లకి (బంతి ఒక టీము చేతిలో ఉన్న ఒక్కో విడత ఒక పొసెషన్) వేసిన పాయింట్లలోంచి ఇచ్చిన పాయింట్లు తీసేయడం. పొసెషన్లు బాక్స్ స్కోరు నుంచి ఇలా కడతారు:

షాట్ ప్రయత్నాలు – ఆఫెన్సివ్ రీబౌండ్లు + టర్నోవర్లు + 0.475 × ఫ్రీ త్రో ప్రయత్నాలు

(ఆఫెన్సివ్ రీబౌండు అంటే తప్పిన సొంత షాటుని మళ్లీ పట్టుకోవడం. టర్నోవరు అంటే షాటు వెయ్యకుండానే బంతి పోగొట్టుకోవడం.)

షాట్లు 62, ఆఫెన్సివ్ రీబౌండ్లు 11, టర్నోవర్లు 14, ఫ్రీ త్రోలు 16 అనుకోండి. 62 – 11 + 14 + 7.6 = 72.6. ఆ టీము 75 పాయింట్లు చేస్తే 100 పొసెషన్లకి 103.3. రెండు టీములకీ విడివిడిగా కట్టి సగటు తీసుకోండి, ఒక్కదాన్నే నమ్మొద్దు. ఓవర్‌టైమ్ మ్యాచ్‌లో మొత్తం స్కోరు చూసి మోసపోకుండా ఉండాలన్నా ఇదే దారి.

కోర్ట్‌సైడ్_కిట్టు
నెట్‌తో కొత్త ఆట మొదలైంది కదా. ఆర్‌పీఐలో 5తో గెలిచినా 55తో గెలిచినా ఒకటే. ఇప్పుడు బలహీన టీము మీద నాలుగో క్వార్టర్‌లో కూడా స్టార్టర్లని (మొదటి అయిదుగుర్ని) బయటికి తియ్యరు.

మనవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, 2024 జనవరిలో హైదరాబాద్ తన్మయ్ అగర్వాల్ రంజీ ప్లేట్ గ్రూపులో అరుణాచల్ మీద కొట్టిన 366 ఉంది చూడండి. పరుగులు నిజమే, రికార్డూ నిజమే. కానీ ఆ స్కోరు చూసి ఎలైట్ గ్రూపులో హైదరాబాద్ ఎలా ఆడుతుందో చెప్పలేం.

లెక్కల_మాస్టారు
కిట్టూ, ప్రత్యర్థి బలానికి సర్దుబాటు చేశాక అది చాలావరకు సర్దుకుంటుంది. 45తో గెలవాల్సిన చోట 50తో గెలిస్తే లాభం 5 మాత్రమే. కాకపోతే మహిళల ఆటలో పైవాళ్లకీ కిందవాళ్లకీ మధ్య దూరం మగవాళ్ల కంటే ఎక్కువ. 40, 50 పాయింట్ల గెలుపులు మామూలే. అక్కడ సర్దుబాటు సూత్రం కూడా తూకం తప్పుతుంది. బెంచ్ ఎంతసేపు ఆడింది, కోచ్ ఎప్పుడు చాలించుకుంది అనేవే తేడాని నిర్ణయిస్తాయి. అందుకే మార్జిన్‌కి ఎక్కడో ఓ చోట కత్తెర వెయ్యాలి.

గేమ్‌కాక్_గిరి
సూత్రాలు సరే. నేరుగా ఎవరు ఎవర్ని కొట్టారో చూసుకుంటే పోలా? సౌత్ కరోలినా టీసీయూని 85-52తో కొట్టింది. టీసీయూ నోటర్‌డామ్‌ని కొట్టింది. కాబట్టి ఎస్‌ఈసీ > బిగ్ 12 > ఏసీసీ. అయిపోయింది.

మూడో_క్వార్టర్
ఇంకా రెండడుగులు వెయ్యి గిరీ. నోటర్‌డామ్ యూఎస్‌సీని వాళ్ల ఇంట్లో 74-61తో కొట్టింది. యూఎస్‌సీ హార్ట్‌ఫర్డ్ వెళ్లి యూకాన్‌ని 72-70తో కొట్టింది. యూకాన్ మీ టీము ఊరు కొలంబియాకి వచ్చి సౌత్ కరోలినాని 87-58తో కొట్టింది. 71 హోమ్ మ్యాచ్‌ల విజయయాత్ర అక్కడితో ఆగింది. ఇప్పుడు చెప్పు, ఏసీసీ > బిగ్ టెన్ > బిగ్ ఈస్ట్ > ఎస్‌ఈసీ > బిగ్ 12 > ఏసీసీ. గానుగెద్దులా తిరుగుతూనే ఉండొచ్చు.

రీబౌండ్_రాణి
😂 గిరి గారు లాగిన్ అవుట్ అయినట్టున్నారు.

లెక్కల_మాస్టారు
ఈ అయిదు మ్యాచ్‌ల చక్రం దొరకడం బాగుంది. దీంతోనే రేటింగ్ ఎలా కడతారో చూపిస్తా. సూత్రం ఒక్క లైను:

టీము రేటింగ్ = ఆ టీము సగటు మార్జిన్ + ప్రత్యర్థుల సగటు రేటింగ్

ముందు వేదిక సర్దాలి. సొంత కోర్టుకి 3 పాయింట్లు అనుకుందాం. బయటికెళ్లి గెలిస్తే మార్జిన్‌కి 3 కలుపు, ఇంట్లో గెలిస్తే 3 తీసెయ్. తటస్థమైతే ముట్టుకోకు.

యూఎస్‌సీ యూకాన్ మీద: 2 + 3 = 5
యూకాన్ సౌత్ కరోలినా మీద: 29 + 3 = 32
సౌత్ కరోలినా టీసీయూ మీద: 33 (ఫోర్ట్‌వర్త్‌లో, తటస్థం అనుకున్నా)
టీసీయూ నోటర్‌డామ్ మీద: 76-68, అంటే 8 (కేమన్ దీవుల్లో, తటస్థం)
నోటర్‌డామ్ యూఎస్‌సీ మీద: 13 + 3 = 16

ఒక్కో టీముకి రెండేసి మ్యాచ్‌లు. సగటు మార్జిన్లు: యూకాన్ +13.5, నోటర్‌డామ్ +4, సౌత్ కరోలినా +0.5, యూఎస్‌సీ –5.5, టీసీయూ –12.5. వీటికి ప్రత్యర్థుల రేటింగ్ కలుపుతూ, అంకెలు కదలడం ఆగేదాకా తిప్పితే వచ్చేది:

యూకాన్ +14.2
సౌత్ కరోలినా +1.0
యూఎస్‌సీ +0.4
నోటర్‌డామ్ –2.4
టీసీయూ –13.2

సరిచూసుకోండి. యూకాన్ ప్రత్యర్థులు యూఎస్‌సీ 0.4, సౌత్ కరోలినా 1.0. సగటు 0.7. 13.5 + 0.7 = 14.2.

ఇప్పుడు కత్తెర. ఏ మార్జిన్ అయినా 15 దాటకూడదని పెడితే అయిదు మ్యాచ్‌లు 5, 15, 15, 8, 15 అవుతాయి. రేటింగులు: యూకాన్ +4.0, నోటర్‌డామ్ +0.8, సౌత్ కరోలినా +0.6, యూఎస్‌సీ –2.6, టీసీయూ –2.8. నాలుగో స్థానంలో ఉన్న నోటర్‌డామ్ రెండోదైపోయింది! మ్యాచ్‌లు అవే, ఫలితాలు అవే. మార్చింది కత్తెర పెట్టిన చోటు ఒక్కటే.

ఇంకోటి. కత్తెర లేని రేటింగులు ఈ అయిదు మ్యాచ్‌ల్లో ప్రతి దాన్నీ 18.8 పాయింట్ల తేడాతో తప్పు చెప్తాయి. చక్రంలా మూసుకుపోయిన కొద్దిపాటి మ్యాచ్‌ల్లోంచి ఇంతకంటే పిండలేం.

డల్లాస్_డంకు
ఇది 360కి పైగా ఉన్న డివిజన్ 1 టీములన్నిటికీ షీట్‌లో చెయ్యొచ్చా? కోడ్ రాయడం రాదు.

లెక్కల_మాస్టారు
చెయ్యొచ్చు. ఒక షీట్‌లో మ్యాచ్‌కి రెండు వరుసలు, ఒక్కో టీము వైపు నుంచి ఒకటి. నిలువు గడులు: టీము, ప్రత్యర్థి, వేదిక (ఇల్లు 1, తటస్థం 0, బయట –1), మార్జిన్, సర్దిన మార్జిన్ = మార్జిన్ – 3 × వేదిక. ఇంకో షీట్‌లో టీముల పట్టీ, అందరికీ పాత రేటింగ్ మొదట సున్నా. మొదటి షీట్‌లో ప్రత్యర్థి పాత రేటింగ్‌ని వీలుకప్ (VLOOKUP)తో తెచ్చుకోండి. టీము పట్టీలో యావరేజ్‌ఇఫ్ (AVERAGEIF)తో సర్దిన మార్జిన్, ప్రత్యర్థి రేటింగ్ రెండిటి సగటులూ కట్టి కలపండి, అదే కొత్త రేటింగ్.

ఎక్కడ తేడా కొడుతుందంటే:

పాత రేటింగ్, కొత్త రేటింగ్ ఒకే గడిలో పెట్టి సర్క్యులర్ రిఫరెన్స్ ఆన్ చెయ్యకండి. కొత్తదాన్ని విలువలుగా మాత్రమే పాతదాంట్లో అతికించాలి.

నేరుగా కొత్తది అతికిస్తే కొన్నిసార్లు అంకెలు అటూ ఇటూ ఊగుతూ ఉంటాయి, కుదురుకోవు. పాతదీ కొత్తదీ సగం సగం కలిపి అతికిస్తే ఆగుతాయి. ప్రతి విడతకీ మొత్తం సగటు సున్నా అయ్యేలా తీసెయ్యండి.

డివిజన్ 2, 3 టీములతో ఆడినవి, ఎగ్జిబిషన్లు తీసి పారెయ్యాలి. ఒక్క డివిజన్ 3 మ్యాచ్ 80 పాయింట్ల మార్జిన్‌తో దూరితే చిన్న కాన్ఫరెన్స్ మొత్తం పైకి లేస్తుంది.

నవంబర్ మూడో వారానికి ముందు అసలు మొదలుపెట్టకండి. టీముల మధ్య లంకెలు చాలవు. కొన్ని గుంపులు మిగతా వాటికి ఒక్క మ్యాచ్ దారంతోనే వేలాడుతుంటాయి. తప్పదంటే ప్రతి టీముకీ సున్నా రేటింగ్ ఉన్న ఊహా టీముతో రెండు, మూడు టై మ్యాచ్‌లు చేర్చండి. తొందరపాటు అంకెలన్నీ నడిమికి లాగబడతాయి.

కోర్ట్‌సైడ్_కిట్టు
దాచుకున్నా. ఇప్పుడు కాన్ఫరెన్స్ బలం అంటే ఆ రేటింగుల సగటే కదా?

ఐవీ_లత
కాదు! అందరూ జారేది ఇక్కడే. రెండు కాన్ఫరెన్స్‌లు ఊహించుకోండి, ఆరేసి టీములు.

క: +30, +10, +8, +6, +4, +2
ఖ: +12, +11, +10, +10, +9, +8

రెండింటికీ సగటు 10. ఏది కష్టం?

మ్యాచ్ ఫలితం రేటింగ్ తేడా చుట్టూ 11 పాయింట్ల ప్రామాణిక విచలనంతో ఊగుతుందని పెట్టుకుని, తటస్థ వేదికలో ఒక్కొక్కరితో ఒక్కో మ్యాచ్ ఆడిస్తే:

+10 ఉన్న బబుల్ టీము (బెర్తు వస్తుందో రాదో అంచున ఉన్నది) క మీద 3.2 గెలుస్తుంది, ఖ మీద 3.0. కాబట్టి దానికి ఖ కష్టం.
+25 ఉన్న పెద్ద టీము క మీద 5.1, ఖ మీద 5.5. దానికి క కష్టం.

టీమును మారిస్తే జవాబు తలకిందులైంది. కాబట్టి "బలమైన కాన్ఫరెన్స్ ఏది" అని ఒట్టిగా అడగొద్దు. "ఎవరికి కష్టం" అని అడగండి. యూకాన్ ఉన్న బిగ్ ఈస్ట్ అచ్చం క లాంటిదే.

హస్కీ_విజయ
ఎవరో యూకాన్ పేరెత్తారు కాబట్టి వచ్చా 😊

2013-14 నుంచి 2019-20 దాకా యూకాన్ అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్‌లో ఆడింది. లీగూ, కాన్ఫరెన్స్ టోర్నీ కలిపి 139-0. ఒక్కటీ ఓడలేదు. "ఖాళీ కాన్ఫరెన్స్, మార్చిలో తేలిపోతారు" అని ఏటా అన్నారు. 2014, 2015, 2016 మూడు కప్పులూ ఆ ఖాళీ కాన్ఫరెన్స్ నుంచే. 2024-25లో బిగ్ ఈస్ట్‌లో 18-0, చివరికి 37-3. సెమీస్‌లో టోర్నీ నంబర్ వన్ సీడు యూసీఎల్‌ఏని 85-51, ఫైనల్లో సౌత్ కరోలినాని 82-59. కాన్ఫరెన్స్ బలం వేరు, టీము బలం వేరు.

గేమ్‌కాక్_గిరి
విజయ గారూ, ఆ ఫైనల్ స్కోరు ఇక్కడ వెయ్యాల్సిన అవసరం ఉందా అండీ.

హస్కీ_విజయ
సందర్భం కుదిరింది గిరి గారూ, ఏం చెయ్యను.

మూడో_క్వార్టర్
యూకాన్ తట్టుకుంది ఎందుకంటే వాళ్లు డిసెంబర్‌లో, ఫిబ్రవరిలో బయట గట్టివాళ్లతో ఆడతారు. ఆ మూడు ఓటములూ నోటర్‌డామ్, యూఎస్‌సీ, టెన్నెసీల చేతిలో, మూడూ కాన్ఫరెన్స్ బయటివే. రేటింగ్ సూత్రాలకి కావలసిన లంకెలు అవే. చిన్న కాన్ఫరెన్స్‌లో ఉన్న మామూలు టీముకి ఆ మ్యాచ్‌లు ఎవరిస్తారు?

ఐవీ_లత
అదీ అసలు బాధ. 2015లో ఐవీ లీగ్ అనే చిన్న కాన్ఫరెన్స్ నుంచి ప్రిన్స్‌టన్ 30-0తో వచ్చింది. ఒక్క ఓటమి లేదు. ఇచ్చిన సీడు 8! మొదటి రౌండు గెలిచి, రెండో రౌండులో మేరీలాండ్ దగ్గర ఆగిపోయింది.

రీబౌండ్_రాణి
లత గారూ, 30-0 ఎవరి మీద? షెడ్యూల్ బలహీనమైతే కమిటీ ఏం చేస్తుంది పాపం.

ఐవీ_లత
దానికే విన్స్ అబవ్ బబుల్ అనే కొలత ఉంది. బబుల్ మీదున్న మామూలు టీము నీ షెడ్యూలే ఆడితే ఎన్ని గెలిచేదో కట్టి, నువ్వు గెలిచినవాటిలోంచి తీసేయడం. మ్యాచ్‌కో లెక్క. బయటికెళ్లి గట్టి టీముతో ఆడావు, బబుల్ టీము గెలిచే అవకాశం 20 శాతం. గెలిస్తే +0.80, ఓడితే –0.20. ఇంట్లో బలహీన టీము, అవకాశం 98 శాతం. గెలిస్తే +0.02, ఓడితే –0.98.

అజేయ టీముకి ఇది ఎప్పుడూ మైనస్ అవ్వదు. 30 మ్యాచ్‌ల్లో బబుల్ టీము అవకాశం సగటున 93 శాతం అనుకుంటే 30 – 27.9 = +2.1. మార్జిన్ జోలికే పోదు కాబట్టి కిట్టు గారు చెప్పిన స్టార్టర్ల గొడవ ఇందులో లేదు. ఎవరు గొప్ప టీము అనేదానికి ఇది జవాబు కాదు, ఎవరు బెర్తు సంపాదించారు అనేదానికి జవాబు.

డల్లాస్_డంకు
కమిటీ షీట్ల మీద ఉండే క్వాడ్ల (ప్రత్యర్థి నెట్ ర్యాంకు, వేదికనిబట్టి మ్యాచ్‌లని పంచే నాలుగు గంపలు) సంగతేంటి? మగవాళ్లవీ ఇవీ ఒకటేనా?

ఐవీ_లత
ఒకటి కాదు. చాలామంది మగవాళ్ల గీతలు పెట్టుకుని వాదిస్తుంటారు. మహిళలకి క్వాడ్ 1 అంటే ఇంట్లో 1-25, తటస్థంలో 1-35, బయట 1-45. మగవాళ్లకి 30, 50, 75. మహిళల క్వాడ్ 2: ఇంట్లో 26-55, తటస్థం 36-65, బయట 46-80. క్వాడ్ 3: 56-90, 66-105, 81-130. మిగతావన్నీ నాలుగు. గీతలు ఇంత ఇరుగ్గా ఉండటానికి కారణం మాస్టారు పైన చెప్పిందే, పైనుంచి కిందికి జారుడు ఇక్కడ ఎక్కువ.

దీని లోపాలు రెండు. ఇంట్లో 25వ టీముని కొడితే క్వాడ్ 1, 26వ దాన్ని కొడితే క్వాడ్ 2. అసలు తేడా లేని చోట గోడ కట్టారు. పైగా ఆ ర్యాంకు రోజూ కదులుతుంది. డిసెంబర్‌లో కొట్టిన టీము ఫిబ్రవరిలో జారితే మీ గెలుపు కూడా దానితోపాటే జారుతుంది.

రెండోది పెద్దది. 18 టీముల కాన్ఫరెన్స్‌లో పది దాకా మొదటి 45లో ఉంటే, జనవరి నుంచి ప్రతి వారం క్వాడ్ 1 మ్యాచ్ దానంతటదే వచ్చి పడుతుంది. 4-9 చేసినా "నాలుగు క్వాడ్ 1 గెలుపులు" అని చూపించుకోవచ్చు. చిన్న కాన్ఫరెన్స్ టీముకి ఏడాది మొత్తం రెండు అవకాశాలొస్తే గొప్ప.

రీబౌండ్_రాణి
అదే నేను మొదటి నుంచీ మొత్తుకునేది. 68లో 31 ఆటోమేటిక్ బెర్తులు (కాన్ఫరెన్స్ చాంపియన్లకి), మిగతా 37 ఎట్ లార్జ్ (కమిటీ ఎంచుకునేవి). వాటిలో సింహభాగం నాలుగు కాన్ఫరెన్స్‌లకే పోయింది.

ఐవీ_లత
2025లో ఐవీ నుంచి మూడు వెళ్లాయి, హార్వర్డ్ టోర్నీ గెలిచి, కొలంబియా, ప్రిన్స్‌టన్ ఎట్ లార్జ్‌లో. చరిత్రలో మొదటిసారి. తలుపు పూర్తిగా మూసెయ్యలేదు, ఓరగా ఉంది. కొలంబియా ఫస్ట్ ఫోర్‌లో కొట్టింది బిగ్ టెన్ టీమునే అని కూడా రాసుకోండి.

కోర్ట్‌సైడ్_కిట్టు
ఒక మాట ఎవరూ అనలేదు. ఆ బిగ్ టెన్ 12లో నాలుగు (యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, ఆరెగాన్, వాషింగ్టన్) అంతకుముందు ఏడాది ప్యాక్-12 టీములు. స్వీట్ సిక్స్‌టీన్‌కి చేరిన మూడిట్లో పాత బిగ్ టెన్ ఒక్క మేరీలాండే. అదీ 2014లో ఏసీసీ నుంచి వచ్చింది 😄

మూడో_క్వార్టర్
ఎస్‌ఈసీ ఆరులో కూడా టెక్సస్, ఓక్లహోమా కొత్తగా వచ్చినవే. ప్యాక్-12 పాత రూపంలో ఆడిన ఆఖరి ఏడాది 2024లో ఆ ఒక్క కాన్ఫరెన్స్ నుంచే అయిదు టీములు స్వీట్ సిక్స్‌టీన్‌లో ఉన్నాయి. తర్వాతి ఏడాది అవి నాలుగు దిక్కులా పోయాయి. స్టాన్‌ఫర్డ్ ఏసీసీకి వెళ్లి, వరసగా 36 సార్లు ఆడిన టోర్నీకి దూరమైంది. కాబట్టి "బిగ్ టెన్ గత పదేళ్ల రికార్డు" అని పట్టీలు తెచ్చేవాళ్లు ముందు ఏ బిగ్ టెన్ అనేది చెప్పాలి. కాన్ఫరెన్స్ పేరుతో కాకుండా టీములతో కట్టండి, ఆ ఏడాది సభ్యులెవరో చూసి కలపండి.

డల్లాస్_డంకు
లోపలి పట్టికలు కూడా సమానం కావు కదా. 18 టీములు, 18 మ్యాచ్‌లు అంటే 16 మందితో ఒక్కోసారి, ఒకరితో రెండుసార్లు. యూసీఎల్‌ఏకి ఆ రెండుసార్లు వచ్చింది యూఎస్‌సీ. రెండూ ఓడి 16-2. ఆ రెండో మ్యాచ్ ఏ అడుగున ఉన్న టీముతోనో పడుంటే పట్టిక వేరేలా ఉండేది. ఎస్‌ఈసీలో సౌత్ కరోలినా, టెక్సస్ అలాగే రెండుసార్లు ఆడి చెరొకటి గెలిచి 15-1, 15-1. చివరికి కాన్ఫరెన్స్ టోర్నీ మొదటి సీడు నాణెం ఎగరేసి తేల్చారు.

గేమ్‌కాక్_గిరి
ఆ బొమ్మా బొరుసులో గెలిచింది మేమే అని గుర్తుచేస్తున్నా.

రీబౌండ్_రాణి
గిరి గారికి ఫైనల్ తర్వాత మిగిలింది ఆ నాణెమే.

లెక్కల_మాస్టారు
😀 గాయాల మాట కూడా కలపండి. రేటింగ్ ఏడాది సగటు. మార్చిలో కోర్టు మీద ఉన్నది ఆ టీము కాకపోవచ్చు. 2025 రెండో రౌండులో తమ స్టార్ జూజూ వాట్కిన్స్ మోకాలు పోయాక యూఎస్‌సీ ఆడిన ఎలీట్ ఎయిట్ (చివరి 8 టీముల) మ్యాచ్‌ని, డిసెంబర్‌లో హార్ట్‌ఫర్డ్‌లో గెలిచిన యూఎస్‌సీతో కలిపి చూడకూడదు. 1998లో 16వ సీడు హార్వర్డ్ 1వ సీడు స్టాన్‌ఫర్డ్‌ని వాళ్ల ఇంట్లోనే 71-67తో కొట్టింది. మహిళల టోర్నీలో అలా జరిగింది ఆ ఒక్కసారే. అప్పుడు స్టాన్‌ఫర్డ్‌లో ఇద్దరు ముఖ్యమైనవాళ్లు అప్పుడే గాయపడి లేరు. షీట్‌లో ఆ తేదీ దగ్గర గీత గీసి, తర్వాతి మ్యాచ్‌లు విడిగా చూసుకోవాలి. తక్కువ మ్యాచ్‌లే మిగులుతాయి, అది మాత్రం తప్పదు.

గేమ్‌కాక్_గిరి
మాస్టారూ, పైన సౌత్ కరోలినా-టీసీయూ మ్యాచ్ తటస్థం అన్నారు. అది జరిగిన డికీస్ అరీనా ఉన్నది ఫోర్ట్‌వర్త్‌లో. టీసీయూ ఊరే అది! మాకు మూడు పాయింట్లు రావాలి.

లెక్కల_మాస్టారు
సొంత కోర్టు కాదు, సొంత ఊరు. ఇలాంటి వాటికి వేదిక గడిలో సగం, అంటే 0.5 వేస్తా. సౌత్ కరోలినా మార్జిన్ 33 బదులు 34.5 అవుతుంది. మళ్లీ తిప్పితే యూకాన్ +14.5, సౌత్ కరోలినా +1.6, యూఎస్‌సీ +0.4, నోటర్‌డామ్ –2.7, టీసీయూ –13.8. మీకు 0.6 పెరిగింది. వరస మారలేదు.

హస్కీ_విజయ
మాకూ 0.3 పెరిగింది. థాంక్స్ గిరి గారూ.